వైర్‌లెస్ బేసిక్స్: నాయిస్ కంటే కింద ఉన్న సిగ్నల్‌తో వీడియో ఎలా ఆడుతోంది?

#1 కొత్త_తరంగం
అందరికీ నమస్కారం. ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో వైర్‌లెస్ అండ్ మొబైల్ కమ్యూనికేషన్స్ ఉంది. డిజిటల్ కమ్యూనికేషన్స్ ఫర్వాలేదు, ఇది మాత్రం చేతికి చిక్కడం లేదు. ఒక యూనిట్‌లో షడ్భుజాలు, తర్వాతి దాంట్లో రేలీ ఫేడింగ్, ఆ వెంటనే జీఎస్‌ఎమ్ (2జీ) బర్స్ట్, చివర్లో ఓఎఫ్‌డీఎమ్ (4జీ, 5జీల పద్ధతి). వీటికీ వాటికీ సంబంధం ఏమిటో ఎక్కడా కనిపించదు.

ముందు ఒక లెక్క తేలాలి. థర్మల్ నాయిస్ ఒక్కో హెర్ట్జ్‌కి −174 డీబీఎమ్ అని చెప్పారు. ఎల్‌టీఈ (4జీ) వెడల్పు 20 మెగాహెర్ట్జ్ కాబట్టి 73 డీబీ కలిపాను, −101 డీబీఎమ్ వచ్చింది. ఫోన్‌లో నెట్‌వర్క్ వివరాల పేజీ తెరిస్తే సిగ్నల్ −108 డీబీఎమ్ అని ఉంది. అంటే నాయిస్ కంటే 7 డీబీ కింద. అయినా అదే ఫోన్‌లో వీడియో ఆగకుండా ఆడుతోంది. నా లెక్క తప్పా, ఫోన్ చూపించేది తప్పా?

#2 యూనిట్‌కి_రెండు
తమ్ముడూ, పరీక్షలో ఇది అడగరు. ఫ్రీక్వెన్సీ రీయూజ్ ప్రాబ్లమ్, హ్యాండాఫ్ రకాలు, ఫేడింగ్ వర్గీకరణ చార్టు, జీఎస్‌ఎమ్ ఆర్కిటెక్చర్ బొమ్మ. ఈ నాలుగూ గట్టిగా పట్టుకో, గట్టెక్కేస్తావు. టెన్షన్ పడకు.

#3 తరంగిణి
ఫోన్ తప్పు చూపించడం లేదు, నీ లెక్కా సరైనదే. రెండూ వేర్వేరు బ్యాండ్‌విడ్త్‌ల మీద కొలిచినవి, చిక్కు అక్కడుంది.

ఎల్‌టీఈ ఫోన్ చూపించే ఆ అంకె ఆర్‌ఎస్‌ఆర్‌పీ. అది మొత్తం 20 మెగాహెర్ట్జ్‌లో వచ్చిన పవర్ కాదు. రిఫరెన్స్ సిగ్నల్ (ఫోన్ కొలుచుకోవడానికి టవర్ పంపేది) మోసే ఒక్క సబ్‌క్యారియర్‌లో (బ్యాండ్‌ని కోసిన సన్నటి ముక్కల్లో ఒకటి), అంటే 15 కిలోహెర్ట్జ్ వెడల్పులో వచ్చిన సగటు పవర్. నాయిస్‌ని కూడా అదే 15 కిలోహెర్ట్జ్‌లో కొలువు: −174 + 41.8, అంటే దాదాపు −132 డీబీఎమ్. ఫోన్ రిసీవర్ సొంతంగా కలిపే నాయిస్‌కి ఓ 7 డీబీ వేసుకుంటే −125. ఇప్పుడు −108కీ −125కీ మధ్య 17 డీబీ తేడా. వీడియోకి అది చాలా ఎక్కువ.

రెండో వైపు నుంచి కూడా సరిచూసుకో. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈలో 1200 సబ్‌క్యారియర్లు ఉంటాయి. 10 లాగ్ 1200 అంటే 30.8 డీబీ. అన్నిట్లోనూ ఇదే పవర్ ఉందనుకుంటే మొత్తం సిగ్నల్ −77. నీ −101కి 7 కలిపితే −94. తేడా మళ్ళీ 17. ఎటు నుంచి వచ్చినా ఒకటే జవాబు రావాలి, రాకపోతే ఎక్కడో వెడల్పులు కలగాపులగం అయినట్టు.

నేను ఆర్‌ఎఫ్ ఆప్టిమైజేషన్ పని చేస్తాను. కొత్తగా చేరేవాళ్ళలో చాలామంది ఇక్కడే తడబడతారు, కాబట్టి పరీక్షలో అడగరన్న మాట పట్టుకుని వదిలేయకు.

#4 కొత్త_తరంగం
అక్కా, థాంక్స్. ఇప్పుడు అర్థమైంది. ఇంకో చిన్న సందేహం. 30 డీబీఎమ్ సిగ్నల్‌కి 30 డీబీఎమ్ సిగ్నల్ కలిస్తే 60 ఎందుకు కాదు? మీరు −174కి 41.8 కలిపారు కదా, మరి అది ఎలా కుదిరింది?

#5 పాఠాల_మాస్టారు
డీబీఎమ్ అనేది పవర్. 0 డీబీఎమ్ అంటే 1 మిల్లీవాట్. డీబీ అనేది నిష్పత్తి, ఎన్ని రెట్లు అనే మాట. పవర్‌ని ఒక నిష్పత్తితో హెచ్చించడం అంటే డీబీఎమ్‌కి డీబీ కలపడం. అందుకే −174కి 41.8 కలపడం న్యాయమే: ఒక హెర్ట్జ్‌లో ఉన్న నాయిస్‌ని 15000 రెట్లు చేశారు. రెండు పవర్లను కూడాలంటే మాత్రం వాట్లలోకి దిగక తప్పదు. 30 డీబీఎమ్ అంటే 1 వాట్. 1 వాట్, 1 వాట్ కలిస్తే 2 వాట్లు, అది 33 డీబీఎమ్. 60 డీబీఎమ్ అంటే కిలోవాట్ బాబూ!

కొన్ని అంకెలు నోటికి వచ్చేయాలి. బేస్ స్టేషన్ పంపే 20 వాట్లు 43 డీబీఎమ్. ఎల్‌టీఈ ఫోన్ గరిష్ఠంగా పంపే 200 మిల్లీవాట్లు 23 డీబీఎమ్. −100 డీబీఎమ్ అంటే పికోవాట్‌లో పదో వంతు. ఇరవై వాట్లుగా బయల్దేరింది పికోవాట్ ముక్కగా చేరినా అందులోంచి సమాచారం బయటికి తీస్తున్నాం. ఈ సబ్జెక్టు మొత్తం ఆ మధ్యలో ఏం జరిగిందన్న కథే.

#6 సగం_తరంగం
మాస్టారు చెప్పిన దానికి ఒక మాట కలుపుతున్నా. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ గాలి సిగ్నల్‌ని ఎక్కువగా పీల్చేస్తుంది. అందుకే 900 మెగాహెర్ట్జ్ వెళ్ళినంత దూరం 3500 మెగాహెర్ట్జ్ వెళ్ళదు. ఫ్రీ స్పేస్ ఫార్ములాలో 20 లాగ్ ఫ్రీక్వెన్సీ అన్న పదం అదే.

#7 నాయిస్_ఫ్లోర్
ఆ పదం అది కాదండీ. ఇది చాలా నోట్సుల్లో ఇలాగే తిరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫ్రీ స్పేస్ అంటేనే పీల్చడానికి ఏమీ లేని చోటు. యాంటెన్నా నుంచి బయల్దేరిన పవర్ గోళంలా విస్తరిస్తుంది, గోళం ఉపరితలం 4π గుణకారం దూరం వర్గం. ఇందులో ఫ్రీక్వెన్సీ ఎక్కడా లేదు. ఫ్రీక్వెన్సీ వచ్చేది రిసీవ్ చేసే యాంటెన్నా దగ్గర. ఐసోట్రోపిక్ (అన్ని దిక్కులకూ సమానమైన) యాంటెన్నా పట్టే వైశాల్యం తరంగదైర్ఘ్యం వర్గం బై 4π. 900 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 33.3 సెంటీమీటర్లు, కాబట్టి ఆ వైశాల్యం దాదాపు 88 చదరపు సెంటీమీటర్లు. 3500కి తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు, వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. వల చిన్నదైంది కాబట్టి తక్కువ పడింది, దారిలో ఎవరూ తినలేదు.

ఇక ఫార్ములా: పాత్ లాస్ = 32.44 + 20 లాగ్ దూరం (కిలోమీటర్లలో) + 20 లాగ్ ఫ్రీక్వెన్సీ (మెగాహెర్ట్జ్‌లో). 1 కిలోమీటరుకి 900 దగ్గర 91.5 డీబీ, 3500 దగ్గర 103.3 డీబీ. తేడా 11.8 డీబీ. పైన ఉన్న రెండు వైశాల్యాల నిష్పత్తి కూడా సరిగ్గా అంతే.

దీన్ని ఇలా అర్థం చేసుకోవడం వల్ల ఒక లాభం ఉంది. యాంటెన్నా చిన్నదైతే అదే పలకలో ఎక్కువ యాంటెన్నాలు పడతాయి కదా? 3500 మెగాహెర్ట్జ్ దగ్గర 5జీ బేస్ స్టేషన్లలో 64 ట్రాన్స్‌సీవర్ల ప్యానెళ్ళు వచ్చింది ఆ ధైర్యంతోనే. గాలి పీల్చేస్తుందని బట్టీ పట్టినవాడికి ఆ ఆలోచనే తట్టదు.

#8 సగం_తరంగం
మరి 60 గిగాహెర్ట్జ్ దగ్గర ఆక్సిజన్ పీల్చడం అబద్ధమా?

#9 నాయిస్_ఫ్లోర్
నిజమే, అక్కడ కిలోమీటరుకి సుమారు 15 డీబీ పోతుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రం గాలి పీల్చేది లెక్కలోకి రాదు. ఆ బ్యాండ్‌కి అసలు ఇబ్బంది గోడలు, మలుపులు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ గోడల్లోంచి చొరబడటం, అంచుల చుట్టూ వంగడం తగ్గుతాయి.

#10 తరంగిణి
ఫ్రీ స్పేస్ అంకెకీ వీధిలో అంకెకీ ఎంత దూరమో కూడా చూపిస్తాను. 43 డీబీఎమ్ పవర్‌ని 1200 సబ్‌క్యారియర్లకు సమంగా పంచితే ఒక్కోదానికి 12.2 డీబీఎమ్. టవర్ యాంటెన్నా గెయిన్ 17 డీబీ అనుకుంటే 29. ఫోన్ దగ్గర −108 వచ్చిందంటే దారిలో 137 డీబీ పోయింది. బ్యాండ్ 1800 మెగాహెర్ట్జ్, దూరం 1 కిలోమీటరు అయితే ఫార్ములా చెప్పేది 97.5. మిగతా 40 డీబీ భవనాలది, చెట్లది, నువ్వు ఇంట్లో కూర్చున్న గోడలది.

అందుకే పాత్ లాస్ ఎక్స్‌పోనెంట్, అంటే దూరం పెరిగే కొద్దీ పవర్ ఎన్నో ఘాతంలో తగ్గుతుందన్న అంకె. ఖాళీ ప్రదేశంలో 2, అంటే దూరం రెట్టింపైతే 6 డీబీ నష్టం. ఊళ్ళలో 3 నుంచి 4 వరకూ వేసుకుంటాం. 4 అయితే రెట్టింపు దూరానికి 12 డీబీ. హటా మోడల్ లాంటివి ఈ అనుభవాన్నే ఫార్ములాగా మార్చాయి. 1968లో ఒకుమురా కొలతలు, వాటి మీద 1980లో హటా సమీకరణం. వాడే ముందు హద్దులు చూసుకో: 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్, 1 నుంచి 20 కిలోమీటర్లు. అర కిలోమీటరు మైక్రోసెల్‌కి హటా వేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు.

#11 కొత్త_తరంగం
ఇంతవరకూ బాగుంది. నాకు అసలు భయం ఫేడింగ్ (సిగ్నల్ బలం పైకీ కిందికీ ఊగడం). ఫ్లాట్, ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్, ఫాస్ట్, స్లో అని నాలుగు గడుల చార్టు ఇచ్చారు. బొమ్మ వేయగలను కానీ ఫ్లాట్ అంటే స్లో, సెలెక్టివ్ అంటే ఫాస్ట్ అన్నట్టు కలిసిపోతున్నాయి.

#12 పాఠాల_మాస్టారు
కలిసిపోకూడదు. ఒకటి ప్రతిధ్వనుల వల్ల, ఇంకోటి కదలిక వల్ల. రెండు వేరు ప్రశ్నలు అడుగు.

మొదటి ప్రశ్న: వేర్వేరు దారుల్లో వచ్చిన కాపీలు ఎంత ఆలస్యం తేడాతో చేరుతున్నాయి? ఇది డిలే స్ప్రెడ్. కాంతి 1 మైక్రోసెకనులో 300 మీటర్లు వెళుతుంది. కాబట్టి ఒక కాపీ 300 మీటర్లు చుట్టూ తిరిగి వస్తే 1 మైక్రోసెకను ఆలస్యం. ఆర్‌ఎమ్‌ఎస్ డిలే స్ప్రెడ్ 1 మైక్రోసెకను అయితే కోహెరెన్స్ బ్యాండ్‌విడ్త్, వాడుకలో ఉన్న ఉజ్జాయింపు ప్రకారం, దానికి అయిదు రెట్ల విలోమం, అంటే 200 కిలోహెర్ట్జ్. నీ సిగ్నల్ వెడల్పు దానికంటే బాగా తక్కువైతే ఛానెల్ మొత్తాన్నీ ఒకేలా పైకీ కిందికీ ఊపుతుంది, అది ఫ్లాట్. ఎక్కువైతే సిగ్నల్‌లో ఒక భాగం బాగుండి ఇంకో భాగం గోతిలో పడుతుంది, అది సెలెక్టివ్.

రెండో ప్రశ్న: ఛానెల్ ఎంత త్వరగా మారుతోంది? ఇది డాప్లర్. గంటకు 108 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 30 మీటర్లు. 2 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 15 సెంటీమీటర్లు. భాగిస్తే గరిష్ఠ డాప్లర్ 200 హెర్ట్జ్. కోహెరెన్స్ టైమ్‌కి 0.423 బై 200 వేస్తే సుమారు 2 మిల్లీసెకన్లు. నీ సింబల్ (ఒక్కసారికి పంపే ముక్క) దానికంటే చాలా పొట్టిదైతే స్లో, పొడుగైతే ఫాస్ట్.

ఇప్పుడు చెప్పు. అదే రోడ్డు, అదే కారు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న సింగిల్ క్యారియర్‌కి ఇది ఏ గడి? 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌కి ఏ గడి?

#13 కొత్త_తరంగం
20 మెగాహెర్ట్జ్ అంటే 200 కిలోహెర్ట్జ్ కంటే చాలా ఎక్కువ, కాబట్టి సెలెక్టివ్. సింబల్ చాలా పొట్టిది కాబట్టి స్లో. 15 కిలోహెర్ట్జ్‌కి ఫ్లాట్, సింబల్ 66.7 మైక్రోసెకన్లు, అది 2 మిల్లీసెకన్ల కంటే చాలా తక్కువ కాబట్టి మళ్ళీ స్లో. ఓ, అంటే ఫేడింగ్ రకం ఛానెల్‌ది కాదు, ఛానెల్‌నీ సిగ్నల్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది!

#14 నాయిస్_ఫ్లోర్
అదీ సంగతి. ఇప్పుడు నీ మొదటి పోస్టులో అడిగిన ‘సంబంధం ఏమిటి’ అన్న దానికి వద్దాం. నా మటుకు ఈ సబ్జెక్టులో మొదట తెలుసుకోవాల్సింది ప్రతిధ్వని. జీఎస్‌ఎమ్, సీడీఎమ్‌ఏ, ఓఎఫ్‌డీఎమ్ అని తరాల వారీగా బట్టీ పట్టకు. ఒకే ప్రతిధ్వనికి మూడు రకాల మందులు అనుకుని చదువు.

పెద్ద ఖాళీ హాల్లో గబగబా మాట్లాడితే ముందు మాట ప్రతిధ్వని తర్వాతి మాట మీద పడి ఏదీ వినపడదు. దీన్నే ఇంటర్ సింబల్ ఇంటర్‌ఫియరెన్స్ అంటున్నాం.

జీఎస్‌ఎమ్‌లో బిట్ నిడివి 3.69 మైక్రోసెకన్లు. నాలుగైదు మైక్రోసెకన్ల ప్రతిధ్వని వస్తే ముందు బిట్ తర్వాతి బిట్ మీద పడుతుంది. వాళ్ళ మందు ఈక్వలైజర్. ప్రతి బర్స్ట్‌లోనూ 26 బిట్ల ట్రైనింగ్ సీక్వెన్స్ ఉంటుంది, అది రిసీవర్‌కి ముందే తెలుసు. అది ఎంత చెదిరి వచ్చిందో చూసి ప్రతిధ్వని ఆకారం కనిపెట్టి, మిగతా బిట్లను సరిచేస్తుంది. బర్స్ట్ బొమ్మ వేసేటప్పుడు ఆ 26 బిట్లు మొదట్లో కాకుండా మధ్యలో ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా? బర్స్ట్ 577 మైక్రోసెకన్ల స్లాట్‌లో వెళుతుంది, ఆ లోపలే ఛానెల్ కాస్త కదులుతుంది. మధ్యలో కొలిస్తే రెండు చివరలూ సమాన దూరంలో ఉంటాయి. మొదట్లో కొలిస్తే చివరి బిట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ కొలత పాతబడిపోతుంది.

డబ్ల్యూసీడీఎమ్‌ఏ (3జీ) ఇంకో దారి పట్టింది. సెకనుకి 38.4 లక్షల చిప్‌లు (కోడ్‌లోని చిన్న ముక్కలు), ఒక్కో చిప్ 0.26 మైక్రోసెకన్లు, అంటే 78 మీటర్లు. దారుల పొడవులో 78 మీటర్లకు మించి తేడా ఉంటే రిసీవర్ ఆ కాపీలను విడివిడిగా పట్టుకోగలదు. రేక్ రిసీవర్ వాటిని పట్టుకుని, సర్దుకుని, కూడుతుంది. మిగతావాళ్ళు వదిలించుకోవాలని చూసిన ప్రతిధ్వనిని వీళ్ళు పనిలో పెట్టుకున్నారు. నాకు ఈ మూడింట్లో అందంగా అనిపించేది ఇదే, మార్కెట్‌లో నిలవకపోయినా సరే.

ఓఎఫ్‌డీఎమ్ మందు: నెమ్మదిగా మాట్లాడు, కానీ ఒకేసారి 1200 గొంతులతో. ఒక్కో సబ్‌క్యారియర్ మీద సింబల్ 66.7 మైక్రోసెకన్లు. దాని ముందు 4.7 మైక్రోసెకన్ల సైక్లిక్ ప్రిఫిక్స్, అంటే సింబల్ చివరి ముక్కనే కాపీ చేసి ముందు అతికించినది. 1.4 కిలోమీటర్లు అదనంగా తిరిగొచ్చిన ప్రతిధ్వని కూడా ఆ ప్రిఫిక్స్‌లోనే ఇంకిపోతుంది. దాన్ని రిసీవర్ కోసి పారేస్తుంది. ఒక్కో సబ్‌క్యారియర్‌కి ఛానెల్ ఫ్లాట్ కాబట్టి ఈక్వలైజర్ అంటే ఒక్క కాంప్లెక్స్ సంఖ్యతో భాగహారం. మూల్యం: టైమ్‌లో దాదాపు 7 శాతం ప్రిఫిక్స్‌కే పోతుంది.

#15 యూనిట్‌కి_రెండు
సర్, ఇది బాగుంది గానీ ‘మల్టిపుల్ యాక్సెస్ పద్ధతులను పోల్చండి’ అని పది మార్కులకి వస్తే ప్రతిధ్వని కథ రాస్తే కుదరదు కదా. టేబుల్ గీయాల్సిందే.

#16 నాయిస్_ఫ్లోర్
గీయండి. కానీ టేబుల్‌లో ‘సీడీఎమ్‌ఏకి పవర్ కంట్రోల్ తప్పనిసరి’ అన్న వరుసకి కారణం రాయండి. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో పంపుతారు. టవర్ దగ్గరున్న ఫోన్, దూరంగా ఉన్న ఫోన్ ఒకే పవర్‌తో పంపితే దగ్గరిది దూరందాన్ని ముంచేస్తుంది. దీన్నే నియర్ ఫార్ సమస్య అంటారు. అందుకే ఐఎస్-95లో (2జీ కాలపు సీడీఎమ్‌ఏ) సెకనుకు 800 సార్లు, డబ్ల్యూసీడీఎమ్‌ఏలో 1500 సార్లు ఫోన్ పవర్‌ని పెంచమనో తగ్గించమనో చెబుతారు. అన్ని సార్లు ఎందుకంటే, అది దూరంతో పాటు ఫేడింగ్‌ని కూడా వెంటాడాలి.

#17 కొత్త_తరంగం
ఎల్‌టీఈలో డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కి) ఓఎఫ్‌డీఎమ్‌ఏ, అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కి) ఎస్‌సీ-ఎఫ్‌డీఎమ్‌ఏ, అంటే సింగిల్ క్యారియర్ తరహా. ఎందుకు రెండూ ఒకటి కాదు?

#18 తరంగిణి
వందల సబ్‌క్యారియర్లు ఒక్కోసారి ఒకే క్షణంలో శిఖరానికి చేరతాయి. సగటు పవర్ కంటే శిఖరం చాలా ఎత్తు అవుతుంది. ఆ శిఖరం తెగిపోకుండా పవర్ యాంప్లిఫయర్‌ని సగటున చాలా తక్కువలో నడపాలి, అంటే బ్యాటరీ దండగ. టవర్‌కి అది చెల్లుతుంది, ఫోన్‌కి చెల్లదు. అందుకే అప్‌లింక్‌లో ముందు ఒక డీఎఫ్‌టీ (డిస్క్రీట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్) పెట్టి సింగిల్ క్యారియర్ లాంటి సిగ్నల్‌గా మార్చారు. 5జీ అప్‌లింక్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. సెల్ అంచున ఉన్న ఫోన్లకి ఈ సింగిల్ క్యారియర్ తరహా పనికొస్తుంది.

#19 కొత్త_తరంగం
5జీలో సబ్‌క్యారియర్ స్పేసింగ్ 15, 30, 60, 120 కిలోహెర్ట్జ్ అని చదివాను. నాయిస్_ఫ్లోర్ సర్ పద్ధతిలో నేనే లెక్క వేశాను. 30 అయితే సింబల్ 33.3 మైక్రోసెకన్లు, ప్రిఫిక్స్ సగమై 2.3, దారి తేడా 700 మీటర్లు. 120 అయితే ప్రిఫిక్స్ 0.59 మైక్రోసెకన్లు, 176 మీటర్లు. మరి అంత చిన్న ప్రిఫిక్స్‌తో ప్రతిధ్వని ఇంకుతుందా?

#20 నాయిస్_ఫ్లోర్
120 కిలోహెర్ట్జ్‌ని 24 గిగాహెర్ట్జ్ పైనున్న బ్యాండ్లలో వాడతారు. అక్కడ సెల్ చిన్నది, బీమ్ సన్నది, దూరం తిరిగొచ్చే కాపీలు మధ్యలోనే చచ్చిపోతాయి. కాబట్టి ఇంకుతుంది. పైగా అక్కడ డాప్లర్, ఆసిలేటర్ ఫేజ్ నాయిస్ రెండూ ఎక్కువ. సబ్‌క్యారియర్లు దూరదూరంగా ఉంటేనే ఒకదాని మీద ఒకటి ఒరగవు. ఒక వైపు ప్రతిధ్వని, ఇంకో వైపు కదలిక. స్పేసింగ్ ఎంపిక ఈ రెండింటి మధ్య బేరం. మాస్టారు అడిగిన రెండు ప్రశ్నలే ఇవి.

#21 సగం_తరంగం
రీయూజ్ ప్రాబ్లమ్ ఎవరూ ముట్టుకోలేదు. ఎన్ (ఎన్ని సెల్‌ల గుంపుకి ఒకసారి అవే ఫ్రీక్వెన్సీలు మళ్ళీ వాడతామన్న అంకె) విలువ 7 ఎందుకు తీసుకుంటారో చెబుతారా? మా నోట్సులో ‘ప్రామాణికం’ అని మాత్రమే ఉంది.

#22 పాఠాల_మాస్టారు
ప్రామాణికం ఏమీ కాదు, లెక్కలో తేలిన అంకె. ఒకే ఛానెల్ వాడే సెల్‌ల మధ్య దూరం డి, సెల్ వ్యాసార్ధం ఆర్ అయితే డి బై ఆర్ = 3ఎన్ వర్గమూలం. చుట్టూ మొదటి వరుసలో ఆరు శత్రువులు. ఎక్స్‌పోనెంట్ 4 అనుకుంటే సిగ్నల్ బై ఇంటర్‌ఫియరెన్స్ = (3ఎన్) వర్గం బై 6. ఎన్ = 7 వేస్తే 441 బై 6 = 73.5, అంటే 18.7 డీబీ. 1జీ కాలపు అనలాగ్ ఏఎమ్‌పీఎస్‌కి 18 డీబీ కావాలి. 4 వేస్తే 13.8 మాత్రమే. 18 దాటే మొదటి ఎన్ 7. అంతే కథ. జీఎస్‌ఎమ్‌కి 9 డీబీ చాలు కాబట్టి 4కి, 3కి దిగగలిగారు. అదే స్పెక్ట్రమ్‌లో ఒక్కో సెల్‌కి ఎక్కువ ఛానెళ్ళు దొరికాయి.

షడ్భుజం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏ టవరూ షడ్భుజాకారంలో ప్రసారం చేయదు. ఖాళీలు లేకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచే ఆకారాల్లో వృత్తానికి దగ్గరగా ఉంటుందని కాగితం మీద వాడుకున్నాం.

#23 తరంగిణి
మాస్టారూ, ఒక చిన్న చేర్పు. ఆ 18.7 లెక్కలో ఆరు శత్రువులూ సరిగ్గా డి దూరంలోనే ఉన్నారనుకున్నాం. ఫోన్ సెల్ మూలకి వెళితే ఇద్దరు దగ్గరవుతారు, ఇద్దరు దూరమవుతారు. అప్పుడు లెక్క వేస్తే 17 డీబీ చుట్టుపక్కల వస్తుంది, 18కి తక్కువ. అందుకే 120 డిగ్రీల సెక్టార్లు వచ్చాయి. శత్రువులు ఆరుగురు కాస్తా ఇద్దరవుతారు.

ఇప్పటి ఎల్‌టీఈ, 5జీల్లో అయితే ఎన్ = 1. పక్క సెల్ కూడా అదే ఫ్రీక్వెన్సీ. నీ −108 లెక్కలో 17 డీబీ వచ్చింది కదా, అది పక్క సెల్‌లు నోరు మూసుకుని ఉంటేనే. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉన్నా స్పీడ్ రాకపోవడానికి తరచూ కారణం ఇదే: రెండు మూడు సెల్‌లు సమానంగా వినిపించే చోట నువ్వున్నావు. బార్లు చూపించేది ఎంత గట్టిగా వినిపిస్తోందని, ఎంత స్పష్టంగా వినిపిస్తోందని కాదు.

#24 సగం_తరంగం
ఈ సెల్ ఆలోచన 1947లోనే బెల్ ల్యాబ్స్‌లో రింగ్ రాసిన మెమోలో ఉందట కదా. మరి మొదటి వాణిజ్య సెల్యులర్ నెట్‌వర్క్ 1979లో టోక్యోలో వచ్చేదాకా ఎందుకు ఆగారు?

#25 పాఠాల_మాస్టారు
సెల్ గీయడం తేలిక. మాట్లాడుతున్న మనిషి సెల్ దాటుతుంటే కాల్ తెగకుండా అప్పగించడం కష్టం. పక్క టవర్లలో ఎవరు బాగా వింటున్నారో కొలుస్తూ ఉండాలి, వందల ఛానెళ్ళలో కావాల్సిన దానికి ఫోన్ క్షణంలో మారాలి, స్విచ్ ఆ వ్యవహారమంతా నడపాలి. చవకైన ఫ్రీక్వెన్సీ సింథసైజర్లు, మైక్రోప్రాసెసర్లు, కంప్యూటర్‌తో నడిచే ఎక్స్ఛేంజ్‌లు లేకుండా అది అయ్యే పని కాదు. స్పెక్ట్రమ్ ఇవ్వడంలో జరిగిన జాప్యం సరేసరి.

హ్యాండాఫ్‌లో హిస్టరిసిస్ ఎందుకో కూడా ఇక్కడే రాసుకోండి. పక్క సెల్ ఒక్క డీబీ బాగుందని మారిపోతే, షాడోయింగ్ (అడ్డంకుల నీడ) వల్ల మరుక్షణం పాతదే బాగుంటుంది. ఫోన్ ఇటూ అటూ బంతిలా తిరుగుతుంది. అందుకే ‘ఇన్ని డీబీలు మెరుగ్గా, ఇంత సేపు నిలకడగా ఉంటేనే’ అని రెండు షరతులు.

#26 కొత్త_తరంగం
ఎర్లాంగ్ పట్టిక కూడా సిలబస్‌లో ఉంది. అది కూడా ప్రతిధ్వనేనా :)

#27 తరంగిణి
కాదు, అది జనం లెక్క. ఒక ఛానెల్ ఎడతెగకుండా నిండి ఉంటే 1 ఎర్లాంగ్. 2 శాతం బ్లాకింగ్‌తో, అంటే వంద కాల్స్‌లో రెండింటికి ఛానెల్ దొరకకపోతే, 10 ఛానెళ్ళు మోసేది సుమారు 5.1 ఎర్లాంగ్‌లు. 20 ఛానెళ్ళు ఒకే గుంపుగా ఉంటే 13.2. విడివిడిగా రెండు పదులు పెడితే 10.2 మాత్రమే. కలిపి ఉంచితే లాభం, దీన్నే ట్రంకింగ్ ఎఫిషియెన్సీ అంటారు. సెక్టార్లు చేస్తే ఇంటర్‌ఫియరెన్స్ తగ్గుతుంది కానీ ఛానెళ్ళు ముక్కలై ఇది దెబ్బతింటుంది. ఆ రెండూ కలిపి ఒక ప్రశ్నగా అడగడం పరీక్షల్లో మామూలే.

#28 యూనిట్‌కి_రెండు
ఇదిగో, దీనికి ఓటు నాది. మరి రేలీ ఫేడింగ్? డెరివేషన్ రెండు పేజీలు, బట్టీయే కదా?

#29 నాయిస్_ఫ్లోర్
బట్టీ అక్కర్లేదు, ప్రోగ్రామ్ రాయండి. అన్ని దిక్కుల నుంచి బోలెడు కాపీలు వస్తే ఇన్‌ఫేజ్, క్వాడ్రేచర్ (సిగ్నల్‌లో 90 డిగ్రీల తేడాతో ఉండే రెండు భాగాలు) రెండూ గాసియన్ అవుతాయి. రెండు గాసియన్ సంఖ్యలు తీసి, వర్గాలు కూడితే పవర్. లక్ష శాంపిళ్ళు తీసి, సగటు కంటే 20 డీబీ కిందికి పోయినవి ఎన్నో లెక్కపెట్టండి. సిద్ధాంతం ప్రకారం 1 − ఎక్స్‌పోనెన్షియల్ (−0.01), అంటే ఒక శాతానికి కొంచెం తక్కువ. తర్వాత రెండు స్వతంత్ర యాంటెన్నాలు పెట్టి, రెంటిలో బాగున్నది ఎంచుకుని మళ్ళీ లెక్కపెట్టండి.

#30 కొత్త_తరంగం
చేశాను సర్. ఒక యాంటెన్నాకి లక్షలో 987 వచ్చాయి. రెండు పెడితే 12! పవర్ పెంచి ఇదే ఫలితం తేవాలంటే ఎంత కావాలి?

#31 నాయిస్_ఫ్లోర్
రెండింటికి సిద్ధాంతం చెప్పేది లక్షలో 10 చుట్టూ, 12 సరిగ్గానే ఉంది. ఒకే యాంటెన్నాతో అంత తక్కువకి దిగాలంటే ఇంకో 20 డీబీ మార్జిన్, అంటే పవర్ వంద రెట్లు. ఫోన్లలో రెండు, నాలుగు యాంటెన్నాలు ఎందుకున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రెండు యాంటెన్నాల మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి ఊగుతున్నాయన్న కొలత) 0.9 పెట్టి మళ్ళీ నడుపు, ఆ 12 ఎంతవుతుందో చూడు.

#32 తరంగిణి
అది చూశాక దూరాల లెక్కకి రా. ఫోన్ చుట్టూ అన్ని వైపుల నుంచీ కాపీలు వస్తాయనుకుంటే కోరిలేషన్ మొదటిసారి సున్నా అయ్యేది 0.38 తరంగదైర్ఘ్యం దగ్గర. 2 గిగాహెర్ట్జ్‌లో అది 6 సెంటీమీటర్ల లోపే, ఫోన్‌లో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెడితే సరిపోతుంది. టవర్ మీద అలా కుదరదు. అంత ఎత్తులో చుట్టూ అడ్డంకులు ఉండవు, కాపీలన్నీ ఒకే సన్నటి కోణంలోంచి వస్తాయి, కాబట్టి పది తరంగదైర్ఘ్యాలో అంతకు మించో ఎడం కావాలి. అంత జాగా ఉండదు గనక ఒకే డబ్బాలో ప్లస్ 45, మైనస్ 45 డిగ్రీల పోలరైజేషన్‌తో రెండు యాంటెన్నాలు పెడతారు. టవర్ ప్యానెల్ కింద కేబుళ్ళు జతలుగా ఎందుకు దిగుతాయో ఈసారి చూసినప్పుడు గమనించు.